ప్రార్థనలో పాకిన చేప

నేను లాల్‌పేట్ కోడలినైన మొదటి ఏడాది. గని పని నుంచి రిటైరైన మా మామయ్యకు గాలం పిచ్చి, నాకేమో నేర్చుకోవాలని సరదా. ఓ ఆదివారం నాకు జ్వరమనీ, తాను తోడుంటాననీ అత్తయ్యకు చెప్పి, ఆమె చర్చికి వెళ్లగానే నన్ను చెరువుకు తీసుకెళ్లాడు.

వానపామును గాలానికి గుచ్చలేక మామయ్యకే ఇచ్చాను. బెండు మునగగానే మాత్రం కేక పెట్టాను.

“గట్ల ఒర్రకు బిడ్డా, చేపలు పారిపోతయ్!”

పడింది అరచెయ్యంత ముళ్లచేప. నీళ్లు లేకున్నా గంటలకొద్దీ బతికి, నేలమీద పాకే రకం.

ఇంటికొచ్చి చేప ఉన్న సంచిని మంచం కిందికి తోశామో లేదో, నాకోసం ప్రార్థన చేయించడానికి అత్తయ్య పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చింది. నేను దుప్పట్లో దూరాను. అందరూ కళ్లు మూసుకున్నారు. ఓరకంట చూద్దును కదా, చేప పాక్కుంటూ వచ్చి పాస్టరుగారి కాలి బొటనవేలిని తాకింది! ఆయన ఒక కన్ను తెరిచి కిందికి చూశారు.

“ప్రభువా, ఈ బిడ్డ జ్వరం తీసెయ్యి. అబద్ధం గూడ తీసెయ్యి. ఆమెన్.”

అత్తయ్య కళ్లు తెరిచింది. “ఏంది గిది?”

మామయ్య చేపను కాలితో మంచం కిందికి నెట్టబోయాడు.

“పులుసు పెట్టమ్మా,” అన్నారు పాస్టరుగారు. “జ్వరానికి మంచిది. నేను గూడ తినిపోత.”

ఆ తర్వాత మేం ఆదివారం ఆరాధన ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. చేపలకు శనివారాలు వెళ్తున్నాం. ఎర గుచ్చడం నాకింకా రాలేదు. అది పాస్టరుగారే చూసుకుంటారు.