నీళ్లను లోపలికి రానిచ్చిన జీపు

2022 జులై 5, మంగళవారం. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు తెరిచి అప్పటికి ముప్పై నాలుగేళ్లు. అక్కడ కొలతలూ బరువుల లెక్కలూ నావి. స్పానర్ పట్టేది మా మేస్త్రి మస్తాన్. ఆ ఉదయం పామర్రు దగ్గరి రైతు సాంబశివరావు గారు పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో భార్య నాగమణిని వెంటబెట్టుకుని వచ్చారు.

ఆవిడ కిడ్నీలు దెబ్బతిన్నాయి. మంగళ, శుక్రవారాలు విజయవాడలో డయాలసిస్. వాళ్ల ఊరికీ తారురోడ్డుకీ మధ్య మురుగు కాలువ మీద చప్టా ఉంది. వానలకు అది మునిగితే ఆటోలు రావు. ఆవిడ ఆస్పత్రి చేరాలంటే ఈ జీపే దిక్కు.

"ఎంత లోతు వస్తుందండీ?"

"నడుం లోతమ్మగారూ."

"ఎవరి నడుం?"

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. చప్టా పక్క స్తంభం మీద నిరుటి నీటి మరకను టేపుతో కొలిచి రమ్మన్నాను. శుక్రవారం కొలత తెచ్చారు. ఆ నడుం లోతు ఇరవై నాలుగు అంగుళాలు. జీపు లోపలి నేల రోడ్డుకు పద్దెనిమిది అంగుళాల ఎత్తు. అంటే లోపల ఆరంగుళాల నీరు.

ఇలాంటి బండికి ముందు స్నార్కెల్ పెడతాం. ఇంజన్ పీల్చే గాలిని బండి పైకప్పు ఎత్తు నుంచి తెచ్చే గొట్టం అది. ఇంజన్ నీళ్లు పీల్చిందంటే లోపలి రాడ్లు వంగిపోతాయి. తర్వాత యాక్సిల్ బ్రీదర్లు. వేడెక్కిన యాక్సిల్ చన్నీటిలో దిగితే గాలితో పాటు నీళ్లూ లాక్కుంటుంది. అందుకని దాని గాలి రంధ్రానికి ట్యూబు తగిలించి బానెట్ దాకా తెస్తాం. వైర్ల కలయికలకు గ్రీజు పూస్తాం. ఇవన్నీ మస్తాన్ నాలుగు రోజుల్లో చేశాడు.

మంగళవారం ఇద్దరూ బండి కోసం వస్తే, పేచీ బండి నేల దగ్గర వచ్చింది. రావు గారు ముందే తలుపుల సందులకూ నేల రంధ్రాలకూ నీళ్లు దూరకుండా సీలెంట్ దట్టించి తెచ్చారు.

"ఆ రంధ్రాలు తెరవాలండీ" అన్నాను.

"అమ్మా, ఆవిడ కాళ్లు వాచి పగిలాయి. మురుగు నీళ్లు తగిలితే ఇన్‌ఫెక్షన్ అన్నారు డాక్టరు గారు. చుక్క కూడా లోపలికి రాకూడదు."

లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అరడుగు నీరు. పద్నాలుగు ఘనపుటడుగులు. ఒక్కోదానికి ఇరవై ఎనిమిది కిలోలు. "బండి బరువులో మూడు వందల తొంభై రెండు కిలోలు నీళ్లే మోసేస్తాయి. బండి తేలికైతే టైర్లకు పట్టు ఉండదు. పక్కకి జరిగి కాలవలో పడుతుంది. నీళ్లు లోపలికొస్తేనే బండి నేలను పట్టుకునేది."

ఆయన కాగితం వంక చూడలేదు. నాగమణి పాదాల వంక చూశారు.

ఆవిడే అంది: "నాట్లప్పుడు మోకాటి దాకా బురదలో దింపారే, అప్పుడు కనబడలేదా ఈ కాళ్లు?"

మస్తాన్ గిరుక్కున అటు తిరిగి నవ్వు దాచుకున్నాడు. రావు గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నేను టేపు తీసుకుని నాగమణిని వెనక పొడవు సీటు మీద కాళ్లు చాపి కూర్చోబెట్టాను. మడమ నుంచి వీపు దాకా నలభై ఆరు అంగుళాలు. సీటు నలభై ఎనిమిది. మిగిలిన రెండంగుళాల్లో దిండు. మస్తాన్ వీపుకు పలక, నడుముకు బెల్టు బిగించాడు. సీటు నేలకు పద్నాలుగు అంగుళాలు పైన. లోపలికి ఆరంగుళాల నీళ్లు వచ్చినా ఆవిడ కిందుగానే పోతాయి. రంధ్రాలు తెరిచాం. బండి బయట ఇరవై నాలుగు అంగుళాల దగ్గర ఎర్ర గీత గీయించి, నీరు అంతకు మించితే బండి దించొద్దని చెప్పాను.

సెప్టెంబరులో ఓ శుక్రవారం ఉదయం ఫోన్ మోగింది.

"స్తంభం మీద ఇరవై ఐదుంది. ఒక్క అంగుళమేగా అమ్మగారూ?"

"వద్దు."

"ఆవిడకి ఆయాసంగా ఉంది."

"ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి. బండి మాత్రం దించకండి."

ఫోన్ పెట్టేశాను. నా మాట వల్ల ఆవిడకేమన్నా అయితే? ఆస్పత్రి వాళ్లు డయాలసిస్ శనివారం మధ్యాహ్నానికి మార్చారట. అప్పటిదాకా మంచినీళ్లు తాగడం బాగా తగ్గించమన్నారట. శనివారం ఉదయానికి నీరు ఇరవై ఒకటికి దిగింది. దాటారు.

సాయంత్రం డయాలసిస్ బెడ్ మీద నుంచి నాగమణే ఫోన్ చేసింది. "నేను పొడిగానే వచ్చానండీ. ఆయనే చెప్పులు చంకలో పెట్టుకుని, తడి పంచెతో వార్డంతా తిరుగుతున్నారు. సిస్టరు తిడుతోంది."

అంతకుముందు బండి రాగానే దాని ఎత్తు కొలిచేదాన్ని. ఇప్పుడు ముందు అందులో ఎక్కేది ఎవరని అడుగుతాను. వాళ్లను పిలిపించి, కూర్చోబెట్టి, ఆ తర్వాతే టేపు తీస్తాను.