రెండో చెయ్యి ఎక్కడుండాలి

మా కరాటే మాస్టారు పోయారు. బాపట్లలో ఒక సమావేశం వార్త రాస్తుండగా ఆయన శిష్యురాలు ఫోన్ చేసింది. "మాస్టారు ఇక లేరండి. రేపల్లెలో, వాళ్ల అక్కగారింట్లో. మళ్లీ పక్షవాతమేనట." వార్త పూర్తి చేసి పంపి, రేపల్లె బస్సెక్కాను. పని సగంలో వదిలేసి వస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు.

తెనాలి శివారులో, అంగలకుదురు వైపున్న ఒక బడి ఆవరణలో ఆయన ఆడపిల్లలకు కరాటే నేర్పేవారు. ఎక్కువమంది పొలం పనులకు వెళ్లేవాళ్ల పిల్లలు. వాళ్లకంటే చాలా ముందు నేనూ ఆయన దగ్గర నేర్చుకున్నాను. అప్పట్లో నాకో సందేహం ఉండేది. కటాలో, అంటే ఎదురుగా ఎవరూ లేకుండా వరస ప్రకారం చేసే అభ్యాసంలో, ఒక చెయ్యి గుద్దుతుంటే రెండోది నడుం దగ్గరికి రావాలి. స్పారింగ్‌లో, ఎదురుగా మనిషి ఉన్నప్పుడు, అదే చెయ్యి దవడ దగ్గర ఉండాలి.

"ఇందులో ఏది కరెక్టు సార్?" అని అడిగాను.

నా మణికట్టు పట్టుకుని తన నడుం దాకా లాగారు. ముందుకు తూలాను. ఆయన రెండో పిడికిలి నా ముక్కు ముందు ఆగింది.

"నడుం దగ్గర చెయ్యి ఖాళీగా లేదబ్బాయ్, నిన్ను పట్టుకుని ఉంది. స్పారింగ్‌లో నీకెవడూ చెయ్యి అందించడు. అప్పుడు నీ మొహం నువ్వే కాచుకో."

చెప్పులు వరసగా విడవకపోతే క్లాసు మొదలుపెట్టేవారు కాదు. గుద్దాక ఎవరైనా సారీ అంటే, "అంత బాధైతే గుద్దకముందే చెప్పాల్సింది" అనేవారు.

మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు ఎడమ చెయ్యి పడిపోయింది. కొన్నాళ్లకు ఆ చేతిని బెల్టులో దోపుకుని మళ్లీ క్లాసుకు వచ్చారు. "కటాకి ఈ చెయ్యి ఎప్పుడూ రెడీనే" అన్నారు. పిల్లలు నవ్వారు. బడి కమిటీ నవ్వలేదు. బాపట్ల నుంచి ఒక కుర్ర కోచ్‌ని పిలిపించింది. అతనూ మాస్టారి శిష్యుడే. ఇకపై ఎవరు నేర్పాలో తేల్చడానికి తల్లిదండ్రులను కూర్చోబెట్టారు.

"మీ ఆరోగ్యం కోసమేనండి" అన్నాడు కమిటీ పెద్ద.

"నా ఆరోగ్యం నేను చూసుకుంటానండి. మీరు పిల్లల సంగతి మాట్లాడండి."

ఒక తండ్రి లేచాడు. "ఒంటిచేత్తో ఏం నేర్పుతారు మాస్టారూ?"

"రెండు చేతులున్నవాళ్లకి రెండోది ఎందుకుందో నేర్పుతానండి."

కుర్ర కోచ్‌ని స్పారింగ్‌కి పిలిచారు. అతను తటపటాయించాడు. "ఆగావంటే నేను మొదలెడతాను" అన్నారు మాస్టారు.

ఆయన గెలిచారని రాస్తే వినడానికి బాగుంటుంది. ఓడిపోయారు. తిన్న రెండు దెబ్బలూ కాపు లేని ఎడమ దవడకే తగిలాయి. పెదవి చిట్లింది. ఆ నెత్తురు తుడుచుకోకుండానే పిల్లల వైపు తిరిగారు.

"చూశారుగా. ఈ చెయ్యి ఇక్కడుంటే ఆ దెబ్బ తగిలేది కాదు. నాకు లేవదు. మీకు లేస్తుంది. రేపు ఎవరి చెయ్యి కిందున్నా ఊరుకోను."

కమిటీ ఆ రోజు ఏమీ తేల్చలేదు. మర్నాడు పిల్లలంతా వచ్చి ఆయన ముందే నిలబడ్డారు. కుర్ర కోచ్ కూడా వచ్చి, చివరి వరసలో నిలబడ్డాడు. తేల్చడానికింకేమీ మిగల్లేదు.

రేపల్లెలో సమాధి కార్యక్రమం ముగిసిన మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లాను. సంతాపసూచకంగా సెలవని గేటుకు తాళం వేశారు. పిల్లలు ఇళ్లకు పోలేదు. రోడ్డు మీదే వరసలు కట్టి కటా చేస్తున్నారు. ధాన్యం బస్తాల లారీ ఒకటి వచ్చి ఆగింది.

"ఏంటమ్మా ఇది, రోడ్డు మీ బాబుదా?" అన్నాడు డ్రైవరు.

"కాసేపాగు బాబాయ్, అయిపోవచ్చింది" అంది ముందున్న అమ్మాయి, తల తిప్పకుండా.

కటా అయింది. కానీ వాళ్లు కదల్లేదు. జతలుగా ఎదురెదురుగా తిరిగారు. చేతులు నడుం దగ్గర్నుంచి దవడలకు లేచాయి. లారీ వెనక ఆటోలు, వాటి వెనక బస్సు ఆగాయి. హారన్లు మొదలయ్యాయి.

ఒక్క చెయ్యీ దిగలేదు.