పిడికెడు బియ్యం తిరగేసిన చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసేవాళ్లం. ఆదివారం ఆ బియ్యం మందిరానికి చేరేది. మంచిర్యాల దగ్గర బొగ్గుబాయి కార్మికుల ఇళ్లలో మా క్రైస్తవ సంఘం వాళ్లందరిదీ అదే ఆచారం. మా ఇంట్లో ఆ పిడికెడు వేసే పని నాది.

ఒక వానాకాలం వాకిట్లో జారిపడి నా కుడిచెయ్యి మోచేతి కింద విరిగింది. ఎముకలు కట్టే ముసలాయన చెయ్యి చాపించి, మోచేతి పైదాకా వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఎప్పుడు విప్పాలో కూడా చెప్పి వెళ్లాడు. ఆ గడువు దాటినా మా నాయనమ్మ విప్పనివ్వలేదు. కోతల పండుగ నాడు సంఘమంతా ప్రార్థన చేశాకే విప్పుతానని మొక్కుకుంది.

పండుగ నాడు కట్టు విప్పారు. ఎముక చక్కగా అతికింది. అందరూ స్తోత్రం చెప్పారు. తర్వాత భోజనాల దగ్గర ముద్ద ఎత్తబోతే మోచెయ్యి వంగలేదు, అరచెయ్యి పైకి తిరగలేదు. నాయనమ్మ కళ్లు తుడుచుకుంటూ తినిపించింది. ఇక నా చేత్తో నేను తినలేనేమో అనే భయం ఆ రోజే పట్టుకుంది.

మిషన్ దవాఖానలో నర్సుగా పనిచేసే మా మేనత్త పండుగకు వచ్చి ఉంది. నా చెయ్యి పట్టి చూసి, తన తల్లి అయిన నాయనమ్మ వైపు తిరిగింది.

“అవ్వా, ఎముకకు కట్టు గావాలె, కీలుకు కదులుడు గావాలె. రెండింటిని ఒక్క తీరుగ జూస్తె ఎట్లనే?”

“అంటే నా ప్రార్థన తప్పా బిడ్డా?”

“ప్రార్థనకేం తక్వ గాలే. దేవుడు ఎముక అతికిచ్చిండు. ఇగ పిల్ల పని షురూ.”

నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కొక్క కీలూ తాకించింది. భుజం దగ్గర గుండ్రటి ఎముక గిన్నెలో బంతిలా అన్ని వైపులా తిరుగుతుంది. మోచెయ్యి తలుపు బందు వంటిది, ఒకే దారిలో వంగుతుంది. దాని కింద రెండు ఎముకలున్నాయి. ఒకటి రెండోదాని మీదుగా పొర్లితేనే అరచెయ్యి తిరుగుతుంది. మణికట్టులో చిన్న ఎముకలు ఒకదానిపై ఒకటి జారుతాయి. బొటనవేలు మొదలు గుర్రం మీది జీనులా ఉంటుంది, అందుకే పిడికిలి బిగుస్తుంది. చివరికి నా నడినెత్తి తట్టి, “గీడ సుత కీళ్లున్నయి కోడలా, గని కదలయి. మీ నాయనమ్మ తీరు” అంది. ఏడుస్తున్న నాయనమ్మే ముందు నవ్వింది.

మేనత్త వేడినీళ్ల కాపడం చెప్పి, నా పని నాకే తిరిగి అప్పగించింది. కుండ కాస్త ఎత్తులో పెట్టించింది. బియ్యం పిడికిట పట్టి, మోచెయ్యి మడిచి పైకి తెచ్చి, అరచెయ్యి తిరగేసి కుండలో వదలాలి. మొదట్లో బియ్యమంతా నేల మీదే పడేది. నాయనమ్మ గింజ గింజా ఏరేది. నొప్పికి ఏడిస్తే, “జర ఓర్సుకో బిడ్డా, ఆయన సూస్తుండు” అనేది.

క్రిస్మస్ దగ్గర పడ్డాక ఒక ఉదయం గింజ జారకుండా పిడికెడంతా కుండలో పడింది. ఆ పూట ముద్ద నేనే తిన్నాను. నాయనమ్మ తన కంచం ముట్టకుండా నన్నే చూస్తూ కూర్చుంది.

ఇప్పటికీ ఆ మోచెయ్యి పూర్తిగా వంగదు. ముద్ద అందుకోవడానికి తలే కాస్త వంచుతాను; అదీ ఒక ప్రార్థనే అనుకుంటాను. ఏ కష్టం వచ్చినా ముందు మోకరిల్లేదాన్నే. అయితే ఆమేన్ అన్నాక చేతులు ముడుచుకుని కూర్చోను.