పులి, అవ్వ, నా పెళ్లిచూపులు

ఉద్యోగం కొత్త, మీసం అంతకన్నా కొత్త అయిన ఆ కాలంలో, డిగ్రీ చదివినవాడి దగ్గర ప్రతి ప్రశ్నకూ జవాబుంటుందని నాకు గట్టి నమ్మకం. (సారపాక కాగితం మిల్లులో నేను జామాయిల్ కర్రలు దింపించే లారీల డ్రైవర్లకు ఆ నమ్మకం ఉండేది కాదు.) అలాంటి రోజుల్లో వేంసూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి పామాయిల్ తోటలు వేసుకున్న కుటుంబం. ములకలపల్లి అడవి దాటుతుండగా, బండి నడుపుతున్న మా మేనమామ తాపీగా అసలు విషయం బయటపెట్టాడు. “అరేయ్ అల్లుడూ, పిల్ల అమ్మమ్మ ఒక కథ చెప్తదంట. నీతి ఏందని అడుగుతదంట. మొన్నొచ్చిన లెక్చరర్ ఆడనే ఫెయిలయిండు.” “ఏం చెప్పిండు మామా?” “టైం మేనేజ్‌మెంట్ అన్నడంట.” నాకు కొంత ధైర్యం వచ్చింది.

వాళ్లింట్లో పిల్ల నాన్నగారు మూలన పేపరు వెనక ఉన్నారు. అమ్మమ్మగారు మాత్రం నా ఎదురుగా కుర్చీ వేయించుకున్నారు. పిల్ల పకోడీల పళ్లెం పెడుతూ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. అప్పటిదాకా చూసిపోదామని వచ్చినవాణ్ణి, ఆ క్షణం నుంచి ఈ సంబంధం తప్పితే ఏమైపోతానోనని భయపడటం మొదలుపెట్టాను.

కథ మీకూ తెలిసిందే. బక్కచిక్కిన అవ్వ అడవి దాటి కూతురింటికి వెళుతుంటే పులి అడ్డం వస్తుంది. “ఎముకలేం తింటావు, కూతురింట్లో నాలుగు రోజులు తిని లావెక్కి వస్తాను” అంటుంది అవ్వ. తిరుగు ప్రయాణంలో పెద్ద గుమ్మడికాయలో దాక్కుని, దొర్లుకుంటూ పులి ముందునుంచే ఇంటికి చేరుతుంది. “ఇప్పుడు చెప్పు బాబూ, ఇందులో నీతేంటి?”

“ఉపాయం ఉంటే ఎంతటివాణ్ణైనా బోల్తా కొట్టించొచ్చండి.”

ఆవిడ తన కూతురి వైపు, అంటే పిల్ల తల్లి వైపు తిరిగింది. “ఏవే, ఈ అబ్బాయికి బోల్తా కొట్టించడం ఇష్టంలాగుందే.”

వెంటనే దారి మార్చాను. “అంటే, ఇచ్చిన మాట తప్పకూడదనండి.”

“అయితే అవ్వ వెళ్లి పులికి పలారం కావాలంటావ్!”

తలుపు చాటున ఎవరో కిసుక్కుమన్నారు. మా మామ నా మోకాలు గిల్లి, “నోరు మూసుకొని పకోడీ తినరా జల్దీ, పోదాం” అని గొణిగాడు. పళ్లెం ఖాళీ. ఎప్పుడు తిన్నానో నాకే తెలియదు. పిల్ల తల్లి మళ్లీ నింపింది. ఇంక పోయేదేముందని, మనసులో ఉన్నది అడిగేశాను. “నీతి నాకు తెలీదండీ. ఒక్కటే డౌటు. పులికి నోరూరేంత లావెక్కిందంటే, ఆ అల్లుడు అత్తగారికి బాగానే పెట్టుంటాడు కదా? ఇన్నాళ్లున్నావేంటని కూడా అడిగుండడు. పాపం, కథలో ఆయన ఊసే లేదేంటండీ?”

మూలనున్న పేపరు కిందికి దిగింది. పిల్ల నాన్నగారి ముఖం నేను మొదటిసారి చూసింది అప్పుడే. భర్త పోయినప్పటినుంచీ అమ్మమ్మగారు ఉంటున్నది కూతురింట్లోనేనని, అంటే ఆయన ఇంట్లోనేనని, నాకు తర్వాత తెలిసింది.

“ఇన్నేళ్లకి ఒకడు అల్లుడి సంగతి అడిగాడు,” అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. వెంటనే గొంతు సవరించుకుని మనవరాల్ని కేకేసింది, “ఏవే, లోపల నవ్వింది చాలు, కాఫీ పట్రా!”

“అవ్, ముహూర్తం గిట్ల చూపిద్దాం మరి,” అన్నాడు మా మామ, మనసులో ముందే పెట్టుకున్నట్టు.

పెళ్లయ్యాక ఆవిడ మా క్వార్టర్సుకు వచ్చి, మామిడికాయల కాలమంతా ఉండి, ఆవకాయ పెట్టి, నా వంటింటి ఏర్పాట్లన్నీ మార్చి మరీ వెళ్లింది. ఎన్నాళ్లుంటారని నేను అడగలేదు. (నోటిదాకా రెండుసార్లు వచ్చింది.) ఇప్పుడావిడ లేదు. ఆనాటి నేను, ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు, తలపుకొస్తే నవ్వొస్తుంది. పకోడీల మధ్య తను అడిగింది ఉత్త డౌటనుకున్నాడు. అవతలివాళ్లు దాన్ని మాట ఇచ్చినట్టు పుచ్చుకున్నారు. అంత చవకగా అంత మంచి మాట నేను మళ్లీ ఎప్పుడూ ఇవ్వలేదు.