అర్ర లేని లగ్గం

మా ఇంట్లో ఎవరి లగ్గమైనా సామాన్ల గది తాళంచెవి కౌసల్య కొంగుకే కట్టి ఉండేది. ఆ గదిని మేము అర్ర అంటాం. లడ్ల గంపలు, తమలపాకులు, ఎండుకొబ్బరి కుడుకలు, చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు అన్నీ అందులోనే. "కౌసల్య అర్రల ఉంటే ఇగ నిమ్మలం" అనేవాళ్లు అందరూ. అది మెప్పులాగే వినబడేది. చాలా ఏళ్లు నేనూ మెప్పనే అనుకున్నాను.

కౌసల్య నా తమ్ముడి భార్య. తమ్ముడు పోయేనాటికి వాళ్ల బిడ్డ స్వర్ణలత ఇంకా బడికి కూడా పోవడం లేదు. మరుసటి వేసవిలో మా దగ్గరి చుట్టాలింట్లో పెళ్లి జరిగితే, మా అమ్మ లింగమ్మ కౌసల్య చేతిలో తాళంచెవి పెట్టి, "నువ్వు అర్రల కూసో బిడ్డా, పుస్తె కట్టేటప్పుడు బయటికి రాకు" అన్నది. కోపంగా అనలేదు. ఎవరికో మంచినీళ్లు అందించినంత మామూలుగా అన్నది. అమ్మ కూడా అప్పటికే భర్త పోయిన మనిషే. కానీ ఇంటికి పెద్దది, ఆమెను కాదనేవాళ్లు లేరు. అప్పటినుంచి మా ఇంటి పెళ్లిళ్లన్నీ కౌసల్య చెవులతోనే చూసింది. భజంత్రీలు గట్టిగా మోగితే పుస్తె కట్టారని తెలుసుకుని, లడ్ల గంపల మధ్య నిలబడి చేతులు జోడించేది.

మా శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన ఏడు ఆమెకు అక్కడ ఊడ్చి తుడిచే పని దొరికింది. ప్రయాణికులు లోపలికి పోయే చోట పెద్ద పెద్ద అద్దాలు తుడిచేది. "గంతమంది పోతరు వదినె, ఒక్కలన్న నా దిక్కు చూడరు. మంచిగనే ఉంటది" అని నవ్వేది. కనబడకుండా ఉండటం అప్పటికే బాగా అలవాటైపోయిన మనిషి.

స్వర్ణ చదువు ముగించి అదే విమానాశ్రయంలో సరుకుల రవాణా ఆఫీసులో చేరింది. లలిత్ అక్కడే పరిచయమయ్యాడు. వాళ్లది బాపట్ల వైపు. తండ్రి ఉద్యోగం మీద వచ్చి బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నారు. రెండిళ్లవాళ్లూ ఒప్పుకుని 2013 మాఘంలో ముహూర్తం పెట్టించాక, స్వర్ణ అసలు మాట చెప్పింది. పెళ్లి బాపట్ల దగ్గరి సూర్యలంకలో, సముద్రం ఒడ్డునట.

"సముద్రం కాడ లగ్గమేందే? ఫంక్షన్ హాళ్లన్నీ మూతబడ్డయా? జనం లగ్గానికొస్తరా, తానానికొస్తరా?" అని మా అమ్మ విరుచుకుపడింది.

"రెండిటికీ రానీ నాయినమ్మా" అన్నది స్వర్ణ.

కౌసల్య ఒక్కటే అడిగింది. "మరి సామాన్ల అర్ర యాడుంటది బిడ్డా?"

స్వర్ణ తల వంచుకుని శుభలేఖల అంచులకు పసుపు రాస్తూ కూర్చున్నది. పడుచుపిల్ల సరదా అనుకుని నేనూ ఊరుకున్నాను.

ఒక బస్సు నిండా జనం బయల్దేరాం. ఆరాంఘర్ చౌరస్తా దాటకముందే అమ్మ పులిహోర పొట్లం విప్పింది. తెల్లారేసరికి సరుగుడు చెట్ల సందుల్లోంచి సముద్రం కనబడింది. మాలో చాలామంది దాన్ని చూడటం అదే మొదలు. కిటికీల దగ్గర కొట్లాడుకుంటున్న పిల్లలు కూడా నోరు మూశారు.

"గింత నీళ్లు పెట్టుకోని ఒక్క బిందె తాగలేరంట గీళ్లు" అన్నది అమ్మ.

ఇసుకలో నాలుగు గుంజలు పాతి, పైన కొబ్బరాకులు పరిచి, అంచుల వెంట బంతిపూలు వేలాడదీశారు. అంతే పందిరి. గోడ లేదు, తెర లేదు. ఎటు చూసినా ఇసుక, నీళ్లు, వెలుతురు. కౌసల్య చుట్టూ కలయజూసింది. ఆమె ఏం వెతుకుతున్నదో నాకు అర్థమైంది.

"వదినె, నేను పోయి బస్సుల కూసుంట."

"ఒక్కగానొక్క బిడ్డ లగ్గం. ఇయ్యాల గూడనా?"

"ఇయ్యాలనే. దానికి మంచి జరగాలె గద."

నలుగురూ ఏమనుకుంటారోనని కాదు ఆమె భయం. ఇన్నేళ్లూ మేమందరం నమ్మించిన మాటను ఆమె నిజంగా నమ్మింది. తన ముఖం ఎదురైతే బిడ్డ కాపురానికి ఏమవుతుందోనని భయపడుతున్నది.

నేనూ వెనకే నడిచాను. బస్సుకు తాళం వేసి ఉంది. డ్రైవర్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి అలల్లో నిలబడ్డాడు.

"తమ్మీ, జర తలుపు తీయవా?" అన్నది కౌసల్య.

"తీయనమ్మా. సామాన్లన్నీ దించి తాళమెయ్యి, మా అమ్మ అడిగితె మాత్రం తీయకు అన్నది పెండ్లిపిల్ల. నాతోని ఒట్టేయించుకున్నది."

స్వర్ణ సముద్రాన్ని ఎందుకు కోరుకున్నదో అప్పుడు తెలిసింది నాకు. అర్ర లేని చోటు కోసం వెతికి వెతికి, ఆ పిల్ల మమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చింది. కౌసల్యకూ తెలిసింది. కొంగుతో కళ్లొత్తుకుంది. అయినా పందిరి వైపు అడుగు వేయలేదు. పోయి పోయి, ఒడ్డున బోర్లించి ఉన్న పడవ చాటున చతికిలబడింది.

జీలకర్ర బెల్లం వేళయింది. కన్యాదానం చేసే మా అన్న మల్లేశ్వర్, వదిన భాగ్యమ్మ పీటల దగ్గర సిద్ధంగా ఉన్నారు. లలిత్ తల్లి వరలక్ష్మి గారు "కౌసల్య వదిన గారేరండీ? ఇందాకట్నుంచీ కనబడరే" అని అడుగుతున్నారు. స్వర్ణ చూపు పడవ మీదే ఉంది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మా అమ్మ ఆ చూపు వెంట తలతిప్పి చూసింది. కర్ర తీసుకుని లేచి, ఇసుకలో కాళ్లు దిగబడుతుంటే నా భుజం పట్టుకుని పడవ దాకా వచ్చింది.

"గీడ దాసుకున్నవా? ఇంక జర అవతలికి పో, సముద్రంల దిగు. అర్ర కంటె పెద్దగున్నది."

"నేను రాను అత్తమ్మా. పిల్లకు మంచిది కాదు."

"నేను ముందటి కుర్చీలనే కూసున్న గద. నా ముఖం చూస్తె మంచిది, కన్నదాని ముఖం చూస్తె కాదా?"

అమ్మ గొంతు తగ్గింది.

"నాడు తాళంచెవి ఇచ్చింది నేనే. ఇయ్యాల పిలుస్తున్నది గూడ నేనే. లే బిడ్డా. నన్ను ఎండల నిలబెట్టకు, మోకాళ్లు గుంజుతున్నయి."

ఆ చివరి మాటకు లేచింది కౌసల్య. అత్తను నిలబెట్టడం ఆమెకు చేతకాదు. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పలేను గాని, ఇద్దరూ అలాగే పందిట్లోకి వచ్చారు. మావాళ్లలో ఒకరిద్దరు ముఖముఖాలు చూసుకున్నారు.

"రండి వదిన గారూ, మీ కోసమే ఆపాం. పంతులుగారు ఒకటే కంగారు" అంటూ వరలక్ష్మి గారు తన పక్కన చోటిచ్చారు.

పుస్తె కట్టే వేళ భజంత్రీల మోత సగం అలల హోరులోనే కలిసిపోయింది. కౌసల్య రెప్ప వేయకుండా చూసింది. పిడికిట్లో అక్షింతలు అలాగే ఉండిపోతే అమ్మ మోచేత్తో ఒక్కటి పొడిచింది. ఉలిక్కిపడి విసిరింది. ఎదురుగాలికి సగం వెనక్కి వచ్చి ఆమె తలలోనే పడ్డాయి. పీటల మీది నుంచే స్వర్ణ పకపకా నవ్వింది.

మరుసటి ఏడు మా అన్న కొడుకు లగ్గం శంషాబాద్‌లోనే, ఫంక్షన్ హాల్లో జరిగింది. అక్కడ అర్ర ఉంది, దానికి తలుపూ ఉంది. అలవాటు చొప్పున ఎవరో తాళంచెవి తెచ్చి కౌసల్య చేతిలో పెట్టారు. ఆమె తీసుకుంది. గంపలన్నీ లోపల పెట్టించింది, తాళం వేసింది, తాళంచెవి కొంగున ముడేసుకుని వచ్చి రెండో వరసలో నా పక్కన కూర్చున్నది.

పుస్తె కట్టబోతుండగా భాగ్యమ్మ వదిన ఆదరాబాదరాగా వచ్చి ఎదురుగా నిలబడింది.

"గీడ కూసున్నవేందే కౌసల్యా? అర్రల ఎవరున్నరు?"

"తాళమున్నదక్కా" అన్నది కౌసల్య. "జర పక్కకు జరుగు. కనబడ్తలేదు."