మాటల ఇంటిపేరు అడిగిన మాస్టారు

మా మాస్టారు మొన్న గురువారం ఇక్కడే, కెనడాలో, మా వాన్ ఊళ్లో కన్నుమూశారు. నిద్రలోనే, బాధ పడకుండా. దుఃఖం ఉంది. అయినా ఇవాళ నా మనసు తేలికగా ఉంది. తిట్టదలచినవాళ్లు ఆఖరిదాకా చదివి తిట్టండి.

అమెరికా కాలేజీల్లో పాఠాలు చెప్పి, రిటైరై ఇక్కడికొచ్చారాయన. శనివారాలు తెలుగు అసోసియేషన్ హాల్లో మన స్టూడెంట్లకు అమెరికన్ స్లాంగ్ నేర్పేవారు. పార్ట్‌టైమ్ పనికెళ్లే వేర్‌హౌస్‌లో తోటివాళ్లు ఎందుకు నవ్వుతున్నారో తెలియక తలదించుకునే పిల్లలకు.

ఏ మాటకైనా అర్థం చెప్పేముందు "దీని ఇంటిపేరేంటి?" అనేవారు, ఆ మాట ఎవరి నోట పుట్టిందని. మనవాళ్లు ఇంటిపేరు ఎందుకడుగుతారో మీకూ తెలుసు: కులం కూపీ లాగడానికి. మాస్టారు ఆ అలవాటును మెడ పట్టుకుని మాటలవైపు తిప్పారు. "మనుషుల్ని అడక్కండ్రా. మాటల్ని అడగండి, దాచుకోకుండా చెబుతాయి."

బూన్‌డాక్స్ అంటే మారుమూల. ఫిలిప్పీన్స్‌లో కొండను బుందోక్ అంటారు. యుద్ధానికెళ్లిన అమెరికా సైనికులు మోసుకొచ్చారు. ఇది విన్న కరీంనగర్ అమ్మాయి వేర్‌హౌస్‌లో ఫిలిపీనో ఆవిడకు చెప్పింది. అప్పటినుంచి ఇద్దరిదీ ఒకే లంచ్ టేబుల్.

"స్టూడెంట్లు వచ్చాకే మన పరువు పోయింది" అనే పెద్దమనుషులకు ఇది గిట్టలేదు. తమ బేస్‌మెంట్లు ఆ పిల్లలకే అద్దెకిచ్చుకుంటూ ఈ మాట!

"పద్యాలు నేర్పండి మాస్టారూ. ఈ బజారు మాటలెందుకండీ?" అన్నాడు అసోసియేషన్ అధ్యక్షుడు.

"ఆఫీసులో మీరు బాస్ అంటారా, మాస్టర్ అంటారా?"

"బాసే."

"యజమానిని మాస్టర్ అనడానికి మనసొప్పని అమెరికా పనివాళ్లు డచ్చివాళ్ల దగ్గర తెచ్చుకున్న మాట అది. ఆ పౌరుషం బజారుదేనండీ. మీ నోట్లో బాగానే ఇమిడిందిగా!"

హాలుకు తాళం పడింది. క్లాసు మా గ్యారేజ్‌కి మారింది. జబ్బుపడ్డాక ఆయనది ఒకటే దిగులు: "నేను పోతే క్లాసు కూడా పోతుందా, బాస్?" నన్నలాగే పిలిచేవారు. పోదని వాదించేవాణ్ణి. వాదించడం నాకు అలవాటే. నమ్మకం మాత్రం లేదు.

నిన్న శనివారం. ఎవరూ రారనుకుంటూనే గ్యారేజ్ తలుపెత్తాను. డ్రైవ్‌వేలో, మంచులో, అందరూ నిలబడి ఉన్నారు!

కరీంనగర్ అమ్మాయి హీటర్ వేసి బోర్డు దగ్గరికి వెళ్లింది. కొత్తగా దిగిన కుర్రాడొకడు చనువుగా అడిగాడు: "అక్కా, మీ ఇంటిపేరేంటి?"

"ఈడ మనుషులను అడగం తమ్మీ. మాటలనే అడుగుతం. కూసో."

వాడు కూర్చున్నాడు. జాకెట్ మీది మంచు కరిగి, బూట్ల చుట్టూ చిన్న మడుగు కట్టింది. ఎవరూ తుడవలేదు. పాఠం మొదలైంది.