సుభాని బావి నీటి పరీక్ష

మా ముత్తాతగారు గురజాల తాలూకాలో మూడు గ్రామాలకు కరణం. తాతగారు కచేరీకి వెళితే తహసీల్దారు లేచి కుర్చీ చూపించేవారట. భూములు ఆయన కాలంలోనే చాలావరకు కరిగాయి. నేను ప్రభుత్వ ప్రయోగశాలలో సీనియర్ సైంటిఫిక్ అధికారిగా పనిచేశాను. పదవీ విరమణకు ముందటి వేసవిలో మా ప్రాంతానికే తనిఖీకి పంపారు.

అది నూలుకు రంగులద్దే చిన్న కార్ఖానా. యజమాని సుభాని. ఆవరణలోని బావిలోకి ఆమ్లం దిగుతోందని ఊరివాళ్ల ఫిర్యాదు. రుజువైతే వెంటనే సీలు వేయాలి. అక్కడి ఆడకూలీలందరికీ పని పోతుంది.

మేము వాడింది ఆప్టికల్ ఫైబర్ సెన్సర్. సన్నని గాజు తీగ కొసన, కాంతి సోకితే మెరిసే రంగును పలుచని పొరగా పట్టిస్తారు. తీగ గుండా ఊదా, నీలి కాంతులను మార్చి మార్చి పంపుతాం. నీటిలో ఆమ్లం పెరిగేకొద్దీ ఆ రంగు నీలి కాంతికన్నా ఊదా కాంతికి ఎక్కువ వెలుగుతుంది. తిరిగివచ్చిన వెలుగును బట్టి యంత్రం పీహెచ్ చెబుతుంది. ఏడు కంటే తగ్గితే ఆమ్లం.

సాయంత్రం పరికరాన్ని బావి గట్టున అమర్చి, మర్నాడు ఉదయం తీగను నీటిలోకి దించాం. నాలుగు చూపింది. నాతో వచ్చిన డిప్యూటీ డైరెక్టర్ సీలు తెమ్మన్నారు.

సుభాని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "పంతులుగారూ, మీ తాత అమ్ముకున్న నేల మీద మేం బతకడం చూళ్లేకపోతన్నారా ఏంది?"

నా అనుమానం ఆ నాలుగు మీద. ఆ నేల అడుగంతా సున్నపురాయి. ఆమ్లం అందులో ఇంకితే దాని గుణం విరిగిపోతుంది. నాలుగు దగ్గర నిలవదు. పరికరాన్ని సరిచూడకుండా సంతకం చేయనన్నాను. సొంత ఊరివాళ్లని జాలిపడుతున్నానా అని డిప్యూటీ డైరెక్టర్ అడిగారు. నేను పెట్టె తెరిచి ద్రావణం సీసా తీశాను.

పీహెచ్ ఏడని ముందే తెలిసిన ద్రావణంలో ముంచితే అక్కడా ఆమ్లమే చూపింది. కొసను భూతద్దంతో చూశాను. పసుపు మరక. ఎవరు ముట్టుకున్నారని అడిగాను.

కూలీల్లోంచి కోటమ్మ ముందుకొచ్చింది. "కొత్త మిషను గదయ్యా, బోసిగా నీళ్లల్లోకి దించుతారా? నిన్న మాపున నేనే ఇంత పసుపు రాసి బొట్టు పెట్టా."

"ఏమే, నీ బొట్టు మా కూడు తీసేదే!" అంది పక్కనున్నామె.

పసుపు కూడా నీలి కాంతికన్నా ఊదా కాంతికే ఎక్కువ మెరుస్తుంది. ఆ మెరుపును యంత్రం ఆమ్లంగా లెక్కగట్టింది. కొస మార్చి మళ్లీ దించితే ఏడు దాటింది. నీటిలో ఆమ్లం లేదని నివేదిక రాశాను; డిప్యూటీ డైరెక్టర్ సంతకం చేశారు. కార్ఖానా ఆగలేదు.

సెన్సర్ తనకు అందిన వెలుగును కొలుస్తుంది. ఆ వెలుగు ఎక్కడిదో తేల్చుకోవడం సంతకం పెట్టేవాడి పని.

పదవీ విరమణ తరువాత మాకు మిగిలిన రెండెకరాలు అమ్మాను. కొన్నది సుభాని.